పిగిలిపిట్ట గొంతు విప్పిన రోజు

ఒక అడవిలో ఏటా మోదుగలు పూసినప్పుడు పిట్టలన్నీ పొద్దున్నే వాగు ఒడ్డున చేరి పాటకచేరీ పెట్టుకునేవి. సింగారి అనే పిగిలిపిట్టకు అక్కడ పాడాలని ఎంత ఆశో! ముళ్ళపొదలో ఒంటరిగా ఉన్నప్పుడు తేనె ఒలికినట్టు పాడేది. తీరా అందరి ముందుకు వచ్చేసరికి భయమేసి, ఏదో వంక చెప్పి ఎగిరిపోయేది. తర్వాత ఆకుల చాటున కూర్చుని, మిగతావాళ్ళు పాడుతుంటే తన పాటను మనసులోనే పాడుకునేది.

అలా రెండేళ్ళు గడిచాయి. మూడో ఏడు కచేరీ చివరి రోజు కూడా వచ్చేసింది. మోదుగపూలు రాలిపోతున్నాయి. సింగారి దిగులుగా, కచేరీలో తాళం వేసే ముసలి వడ్రంగిపిట్ట దగ్గరకు వెళ్ళింది.

"తాతా, నీకు భయం వెయ్యదా?"

"వెయ్యకేం తల్లీ! ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయి. అందుకే మానును అంత గట్టిగా పట్టుకుంటాను."

"మరి ఆ భయం పోయేదెప్పుడు?"

"పోయేదాకా ఆగుంటే నేనింకా తొర్రలోనే ఉండేవాణ్ణి. నువ్వు మొదలెట్టు. తాళం నేను చూసుకుంటాను."

సింగారి అందరి ముందుకు వచ్చి, కొమ్మను గట్టిగా పట్టుకుని గొంతెత్తింది. మొదట్లోనే గొంతు జీరబోయింది. గోరింక కిసుక్కున నవ్వింది. ఎగిరిపోదామని సింగారి రెక్కలు విప్పింది. కానీ తాత తాళం ఆపలేదు. టక్, టక్ అంటూ సింగారి కోసమే వేస్తున్నాడు. సింగారి రెక్కలు ముడిచి, పాటను మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఈసారి పాట వాగు దాటి వెళ్ళింది. గోరింక కూడా మెడ చాచి వింది.

పాట ముగిశాక పిట్టలు ఏమేమో అన్నాయి. సింగారి చెవికి అవేవీ ఎక్కలేదు. అయ్యో, అప్పుడే అయిపోయిందా అని మాత్రం దిగులేసింది.