పాత డిస్కు చెరిపేసిన మధ్యాహ్నం

హైమవతి అత్తగారు సుభద్రమ్మ పోయి తొమ్మిదేళ్లయినా ఇంట్లో ఆవిడ మాట ఆగలేదు. ఊళ్లో పెద్దవాళ్లందరికీ చేసినట్టే ఆస్పత్రివాళ్లు ఆఖరి ఘడియల్లో ఆవిణ్ణి జ్ఞాపకాలతో సహా కంప్యూటర్ డిస్కులోకి ఎక్కించి ఇంటికి పంపారు. మాట్లాడీ మాట్లాడీ ఇప్పుడా డిస్కు నిండిపోయింది. మెకానిక్ రఫీ పెద్ద డిస్కు తెచ్చి, ఆవిణ్ణి అందులోకి కాపీ చేసి, వంటింటి గోడకు బిగించాడు.

"హైమా, పప్పు అడుగంటుతోందే!" అంది కొత్త డిస్కులోంచి సుభద్రమ్మ. అచ్చం అదే గొంతు. హైమవతి ప్రాణం కుదుటపడింది.

"ఇంక పాతది డిలీట్ కొట్టేస్తానండి. ఒకే మనిషి రెండుచోట్ల ఉంటే రూలు ఒప్పుకోదండి," అన్నాడు రఫీ.

హాల్లో బల్ల మీద పాత డిస్కు ఇంకా వెలుగుతూనే ఉంది. "అమ్మాయ్, వంటింట్లో నా గొంతుతో మాట్లాడేదెవరే? ఈ అబ్బాయి నన్నేం చేస్తాడు?" అంది అందులోని సుభద్రమ్మ.

హైమవతి బల్ల దగ్గరికి వచ్చింది. పోబోయేవాళ్లకు ఆ సంగతి చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

"ఏం లేదత్తయ్యా, చిన్న రిపేరు. సాయంత్రం మళ్లీ కబుర్లు చెప్పుకుందాం."

"సరేనమ్మా," అంది పాత సుభద్రమ్మ. రఫీ మీట నొక్కాడు. డిస్కులో వెలుగు ఆరిపోయింది.

అతను వెళ్లాక హైమవతి వంటింట్లోకి వచ్చి చెంగుతో కళ్లొత్తుకుంది.

"నమ్మిందనుకున్నావా?" అంది గోడలోంచి సుభద్రమ్మ, నెమ్మదిగా. "రేపు ఇంటికెళ్లిపోదామని ఆస్పత్రిలో నువ్వన్నప్పుడు, నేనూ ఇలాగే సరేనమ్మా అన్నాను."