ఆడని మ్యాచ్‌లు

ఏజెంట్‌తో మాట్లాడి రవళి ఫోన్ కింద పెట్టింది. అన్న శివశంకర్ ఆత్రంగా చూశాడు. పటాన్‌చెరులో కంపెనీ గోడకేసి బంతి తన్నిస్తూ ఆమెకు ఫుట్‌బాల్ నేర్పింది అతనే.

“ఏమన్నడు చెల్లె?”

“ఇంగ్లండ్ క్లబ్బోళ్లకు నా ఆట నచ్చిందంట. ఆడ ఆడేటందుకు పర్మిటే రాదంట. వాళ్ల దేశం యూరప్ నుంచి విడిపోయినంక బయటి ప్లేయర్లందరికీ పాయింట్లు పెట్టిన్రు. మన దేశం టీంల నేను ఆడిన మ్యాచ్‌లు సాల్తలేవంట.”

“పోయినేడు ఆడనిస్తే సాలుతుండె గదా?”

“సాలుతుండె.”

శివశంకర్ పెట్టుడు కాలు బెల్టు బిగించుకుంటూ పళ్లు కొరికాడు. “అప్పుడు నిన్ను సెలక్ట్ చెయ్యనోడు ఎవడో గానీ, వాడు జిందగీల బాగుపడడు.”

రవళి గబుక్కున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “గట్ల తిట్టకన్నా.”

పోయినేడు జట్టులోకి రమ్మని ఫోన్ వచ్చినప్పుడు ఆమె ఆస్పత్రిలో ఉంది. కంపెనీలో రియాక్టర్ పేలి కాలు పోగొట్టుకున్న అన్నకు ఇంకా స్పృహ రాలేదు. రాలేనని చెప్పి ఫోన్ పెట్టేసింది.

కళ్లు తెరిచాక అతను మొదట అడిగింది, జట్టు నుంచి ఫోన్ వచ్చిందా అనే. సెలక్ట్ కాలేదని చెప్పింది.