ఏర్పేటి మేపు

మునిరత్నం మజ్జిగ చెంబు ముట్టుకోలేదు. గొడ్లకొట్టం ముందు నిలబడి లోపలికి చూస్తూనే ఉన్నాడు.

పశువు ఒళ్ళు చూసి చెప్పడంలో పాకాల సంతలో అతన్ని మించినవాడు లేడు. అందరిలా పళ్ళు పట్టి చూడడు, తోక మెలిపెట్టడు. దూరం నుంచే వీపు, డొక్క, తుంటి చూస్తాడు. తిన్న తిండీ, తిన్న దెబ్బలూ రెండూ చెప్పేస్తాడు.

అందుకే ఏర్పేడు నుంచి గోవిందస్వామి కబురు పెట్టాడు. రేణిగుంటలో పశువుల ప్రదర్శన పెడుతున్నారు, మా ఆవు పనికొస్తుందో లేదో ఒకసారి వచ్చి చూసిపో బావా అని. పొరుగువాళ్ళను కూడా పిలిచి గోడ పక్కన నిలబెట్టాడు. మునిరత్నం నోట మంచిమాట వస్తే ఇక ఊళ్ళో అతనికి పట్టపగ్గాలుండవు.

"ఎట్లుండాది బావా?" గోవిందస్వామి మీసం దువ్వుకున్నాడు.

"ఇదేనా నేను మీకిచ్చింది?"

గోవిందస్వామి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"మా ఇంట్లో ఉన్నప్పుడు ఎట్లుండేది, ఇప్పుడెట్ల చేసినారు? మూపున బొమికలు పొడుచుకొచ్చినాయి. కండ్లు గుంటలు పడినాయి. వీపున ఆ వాతేంది? సూలుతో ఉండేదాన్ని ఇట్ల ఎండబెడతారా? మీయి మనుషుల చేతులేనా?"

గోవిందస్వామి తల వంచుకున్నాడు. గుమ్మంలోంచి భార్య చంద్రకాంతమ్మ అందుకుంది.

"మేమేం పస్తు పెట్టలేదన్నా. ఎంత పెట్టినా దాని ఒంటికి పట్టదు. యుద్ధం రోజులు, అన్నిటికీ కరువే గదా."

"ఆ కరువు నీ ఒంటికి రాలేదే చెల్లెమ్మా."

గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. చంద్రకాంతమ్మ కొంగు నిండుగా కప్పుకుంది.

"పిండుకునేది తెలుసు, పెట్టేది తెలీదు మీకు," అన్నాడు మునిరత్నం. ఇట్లాంటివాళ్ళకు ఎంత చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే. తనే బుద్ధిలేక ఇచ్చాడు. ఇల్లు చూశాడు, పొలం చూశాడు. మేపేవాళ్ళ మనసు చూడలేదు.

"తోలుకుపోతా. ఇంక ఒక్క పూట ఈడ ఉంచను."

కొట్టంలో పేడ ఎత్తుతున్న చప్పుడు ఆగింది.

"నలుగురిలో పరువు తియ్యొద్దు బావా," గోవిందస్వామి గొణిగాడు. "రేపట్నుంచి బాగా సూసుకుంటాం."

"రేపటికి అది బతికుండల్ల గదా."

మునిరత్నం భుజం మీది తువ్వాలు నడుముకు బిగించి కొట్టంలోకి దూరాడు. ఎవరూ అడ్డం రాలేదు.

నెయ్యి పూసినట్టు నిగనిగలాడుతూ నెమరువేస్తున్న ఆవును పక్కకు తోసి, దాని వెనక పేడతట్టతో నిలబడ్డ కూతురి చెయ్యి పట్టుకున్నాడు.