ఒక్క తిట్టు

ఎలాగైనా సరే, ఈ వారం మొగుడి చేత ఒక్క తిట్టు తినాలని దర్జీ భార్య పంతం పట్టింది.

సోమవారం టీలో ఉప్పు వేసింది. దర్జీ ఒక గుక్క తాగాడు. మొహం ముడిచాడు.

"అయ్యో" అన్నాడు.

మంగళవారం ఆయన కొత్త చొక్కా ఇస్త్రీపెట్టెతో కాల్చింది. చిల్లులో వేలు పెట్టి మరీ చూపించింది.

"అయ్యో."

"అంతేనా? పెళ్ళయిన కొత్తలో బొత్తాం వంకరగా కుట్టానని వీధంతా వినపడేలా కడిగేశారు!"

దర్జీ కిటికీ బయటికి చూశాడు.

బుధవారం ఆమె అక్క వచ్చింది. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కూర నోట్లో పెట్టుకుని గ్లాసుడు నీళ్ళు తాగింది.

"కారం డబ్బా బోర్లించావా ఏంటే?"

"ఆయన కోసమే."

"మరిది ఏమైనా అన్నాడా?"

"ఏమంటారు! ఆ అయ్యోనే."

"మంచి మాటేలేవే. పాలు పొంగినా అదే, ప్రాణం పోయినా అదే. అయ్యా అని తండ్రిని పిలవడంలోంచి పుట్టిందంటారు. ఏడుపొస్తే ముందు గుర్తొచ్చేది నాన్నేగా."

"బావుంది! నలభై ఏళ్ళు కాపురం చేసింది నేను. పిలిచేది వాళ్ళ నాన్ననా?"

"పోయిన మామగారితో పోటీ ఏంటే నీకు!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. దర్జీ కూడా ఓ పక్కగా నవ్వాడు.

ఆ మధ్యాహ్నం ఆమె ఆఖరి బాణం తీసింది. కుట్టుమిషను సొరుగులో గుడ్డ చుట్టి ఉన్న బట్ట కత్తెర అది. కాయితం కోస్తే పదును చస్తుందని, ఇన్నేళ్ళలో ఆయన దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆమె సరిగ్గా ఆయన ఎదురుగా చతికిలబడింది. పాత పేపరు పరపరా కోయడం మొదలుపెట్టింది.

ఒక ముక్క. రెండు. మూడు.

దర్జీ మెడ నరాలు ఉబ్బాయి. ఎడమ చెయ్యి కుర్చీని గుద్దింది.

"కత్తెర!" అని అరిచాడు. "కాయితం... ఒసే... బుద్ధి లేదూ!"

ఆమె చేతిలోంచి కత్తెర జారింది.

"అయ్యో!" అంది, ఏడుస్తూ, నవ్వుతూ.

పక్షవాతం వచ్చిన ఈ పదకొండు నెలల్లో ఆయన నోట ఆ ఒక్క మాట కాక ఇంకో మాట రావడం అదే మొదలు.