పట్టపగలు టెలిస్కోప్

"చుక్కలు చూడమని టెలిస్కోప్ కొనిస్తే, పట్టపగలు డాబా మీద ఏం చూస్తున్నవే?" కల్పలత కూతుర్ని అడిగింది.

"మా పాత స్కూలు, మమ్మీ."

కల్పలత కూతురి పక్కకొచ్చి నిలబడింది. ఆనాడు అక్కడి సారు పిల్లను వేధిస్తుంటే, గొడవెందుకని కిక్కురుమనకుండా టీసీ తెచ్చుకుని, ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టింది. పిల్లకు ఏ లోటూ తెలియకూడదని రోబో కిట్టు, కీబోర్డు, ఇప్పుడు ఇది కొంది.

"మళ్ల పోబుద్ధయితుందా, మనస్వీ?"

మనస్విని తల అడ్డంగా ఊపి పక్కకు జరిగింది. "నువ్వే చూడు."

కల్పలత వంగి చూసింది. టెలిస్కోప్‌లో స్కూలు గ్రౌండు తలకిందులుగా ఉంది. నడి ఎండలో, సారు ఒకప్పుడు మనస్వినిని మోకాళ్ల మీద నిలబెట్టిన చోటే, ఇప్పుడు ఇంకో పిల్ల ఉంది.

"నేను మానేసినంక సారు అఖిలను పట్టుకున్నడు. ఆమెకు సుత మనింట్లనే చదువు చెప్తవా, మమ్మీ?"