రోడ్డుకు మొహం పెట్టిన పలకలు

"ఎండను గూడ మోసం జేసేటోళ్లను మిమ్ములనే చూసిన సార్!" సోలార్ ఇంజనీరు సుబ్బరాయుణ్ణి హాస్టల్ డాబా మీదికి ఎక్కించి నిలదీసింది హాస్టల్ విద్యార్థుల సెక్రటరీ శిరీష.

సకల జనుల సమ్మెతోటి కరెంటు కోతలు. పొద్దుగూకితే కింద గదుల్లో పరీక్షలకు చదివే దిక్కులేదు.

"ఈ సోలార్ పలకలు ఉత్తరానికెందుకు తిప్పిండ్రు? ఎండ దక్షిణం దిక్కు గదా?"

"తనిఖీవాళ్లు తార్నాక రోడ్డు మీద కారులోంచే చూస్తారమ్మా. వాళ్లకు కనపడాల కదా! ఇన్ని పలకలు పెట్టాలనే టార్గెట్టు. వెలగాలని జీవోలో యాడా లేదు." ఆయన పని పూర్తయిందనే కాగితం చాపాడు. "నువ్వు సంతకం పెట్టకుంటే ఇవి లెక్కలోకే రావు."

శిరీషకు అప్పుడు తెలిసింది. సోలార్ లైట్ల కోసం మూడు నెలలుగా తాను బతిమాలుతున్నది గానీ, బతిమాలాల్సింది సర్కారే.

కాగితం మడిచి గుప్పిట్లో పట్టుకున్నది. "బోల్టులిప్పే పానాలు తెప్పియ్యుండ్రి. పలకలు దక్షిణానికి తిప్పి, మా గదుల్ల లైట్లు వెలిగించుండ్రి. గప్పుడే సంతకం!"