గోడ వైపు చోటు

"ఏం బాబాయ్, రోడ్డంతా మీదేనా?" ట్రాఫిక్ పోలీసు డెబోరా తన సైకిల్ అడ్డం పెట్టి ఆపింది. "వెనక బస్సు ఎట్లా రావాలి?"

ఎల్వియో కాలు కింద పెట్టాడు. సముద్రం దాకా తొక్కుకుంటూ వెళ్దామని భార్య నివెస్‌తో కలిసి కొన్న ఉక్కు సైకిల్ అది. సామాన్లు కట్టాల్సిన స్టాండు మీద ఇప్పుడు ఆఫీసుకు తీసుకెళ్ళే అన్నం డబ్బా ఒక్కటే ఉంది.

"గోడ వైపు అంత చోటు వదిలారు. ఎవరికోసం?"

"నివెస్ అటు తొక్కుతుందమ్మా," అనేశాడు.

ఇటలీలోని ఈ ఫెరారా ఊళ్ళో ఆలుమగలు మాట్లాడుకుంటూ పక్కపక్కనే తొక్కుతారు. భార్య ఎప్పుడూ గోడ వైపే. నివెస్ మాత్రం పోయిన చలికాలంలోనే కన్నుమూసింది.

నివెస్ పోయిన సంగతి గుర్తొచ్చి డెబోరా గొంతు తగ్గించింది. "కాస్త అటు జరగండి బాబాయ్."

జరిగాడు. నాలుగు తొక్కులు తొక్కాడో లేదో, చేతికందేంత దగ్గర్లో ఓ కిటికీలోంచి ముసలావిడ పలకరించింది.

"మీ ఆవిడ కనబడటం లేదేం నాయనా? రోజూ నవ్వుతూ పలకరించి పోయేది."

ఈ మలుపులో నివెస్ ఏదో అనడం అతనికి తెలుసు. తనతోనే అంటోందనుకుని, అటు చూడకుండానే తలూపేవాడు.

"పోయిందమ్మా," అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ముసలావిడ శిలువ గుర్తు వేసుకుంది. కిటికీ మూయలేదు.

"మీ పేరేంటమ్మా?"

"మీ ఆవిడ చెప్పలేదా?"

"చెప్పే ఉంటుంది," అంటూ ఎల్వియో సైకిల్ దిగి గోడకు ఆనించాడు.